పాత పెట్రోలు స్టేషన్ వ్యాగన్‌కి డీజిల్ ఇంజన్ వేయించాలా, గ్యాస్ పెట్టించాలా, ఉన్నదే బాగు చేయించాలా?

ఇంటి ముందు ఒక ఇండిగో మెరీనా పెట్రోలో, బాలెనో ఆల్టురానో, ఒపెల్ కోర్సా స్వింగో, ఫియట్ సియెనా వీకెండో, అలాంటి పాత స్టేషన్ వ్యాగన్ ఏదో నిలబడి ఉంటే దాన్ని అమ్మబుద్ధి కాదు, ఉంచుకుంటే పెట్రోలు బంకు వాడే బాగుపడతాడు. వెనక సీటు మడిస్తే పుట్టపాక చీరల మూటలు పడతాయి, దేవరకొండ బత్తాయి ట్రేలు పడతాయి, పెళ్లికి పోతే సూట్‌కేసులన్నీ పడతాయి. అంత డిక్కీ ఉండి కారులా నడిచే బండి ఇవాళ ఆ ధరకు దొరకదు. అందుకే ప్రతి షెడ్డులోనూ ఏదో ఒక రోజు ఆ మాట వస్తుంది: "అన్నా, డీజిల్ ఇంజన్ ఎక్కిద్దాం, రెండు దినాల పని, ఇగ నీకు టెన్షనే ఉండదు."

రెండు రోజుల పని కాదు. టెన్షన్ ఉండదన్నది కూడా నిజం కాదు. అలాగని అందరికీ వద్దనే మాటా కాదు, కొందరికి ఇది బాగానే కుదురుతుంది. మీరు ఆ కొందరిలో ఉన్నారా లేదా చూసుకోవడానికే ఇదంతా. నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, గద్వాల వైపు తిరిగే బండ్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద నిషేధం గొడవ వేరు, అది మన దగ్గర లేదు.

ముందు ఒక పాత లెక్క మర్చిపోవాలి

డీజిల్ ఇంజన్ మార్పిడి అనే ఆలోచన ఎక్కువమందికి 2012 ప్రాంతంలో పుట్టింది. అప్పటికి పెట్రోలు ధర మీద ప్రభుత్వం చెయ్యి తీసేసి రెండేళ్లయింది (2010 జూన్), డీజిల్ మీద ఇంకా తీయలేదు. లీటరు మీద తేడా 30 రూపాయలు దాటిన రోజులవి. ఏ ఇంజన్ ఎక్కించినా ఏడాదిన్నరలో డబ్బులు తిరిగొచ్చేవి. 2014 అక్టోబరులో డీజిల్ ధర కూడా మార్కెట్‌కి వదిలేశారు. 2025లో హైదరాబాద్ ధరల్లో తేడా సుమారు 12 రూపాయలే, పెట్రోలు 107 పైన, డీజిల్ 96కి కాస్త తక్కువ. కాబట్టి "మా బావమరిది అప్పుడు చేయించాడు, మస్తు మిగిలింది" అనేది నిజమే అయినా మీకు పనికిరాదు.

ఇంకోవైపు పెట్రోలు వాళ్లకు కొత్త తలనొప్పి వచ్చింది, ఈ-20. అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ లేని పెట్రోలు కోసం తయారై పదిశాతానికి సర్దుబాటు చేసిన నాలుగు చక్రాల బండ్లకు మైలేజీ 6-7 శాతం తగ్గొచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. 2005 నాటి బండికి మైలేజీ కంటే పెద్ద భయం రబ్బరు పైపులు, సీళ్లు, ట్యాంకులో చేరే తేమ. అలాంటి బండిని నెలల తరబడి నిలబెట్టి ఉంచడం అసలు మంచిది కాదు.

ఏవి చూసి తేల్చుకోవాలి

కాగితం, కిలోమీటర్లు, బాడీ వయసు, మీ ఊరి మెకానిక్. నా దృష్టిలో వరుస ఇదే. జనం మాత్రం తిరగేసి చూస్తారు: ముందు మెకానిక్ దొరికాడా, తర్వాత ఇంజన్ ఎంతకొస్తుంది, కాగితం సంగతి చివర్న.

కాగితం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే షెడ్డులో దీని గురించి ఎవరూ మాట్లాడరు. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు, మీ ఆర్సీలో ఉన్న వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఇంధనం మార్చుకోవడానికి అందులోనే ఒక దారి ఉంది, కానీ అది కన్వర్షన్ కిట్ ద్వారా, నిర్ణయించిన షరతుల ప్రకారం చేసే మార్పుకి. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ ఆ దారిలోనే పోతాయి. పాత సామాన్ల మార్కెట్ నుంచి తెచ్చిన డీజిల్ ఇంజన్ కిట్టు కాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను గట్టిగానే చదివింది, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా మార్చడానికి వీల్లేదని చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో 182ఏ సెక్షన్ వచ్చింది: అనుమతి లేని మార్పుకి యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

దాని అర్థం, స్పానర్ పట్టుకునే ముందు ఆర్టీఏ ఆఫీసులో రాతపూర్వకంగా అనుమతి అడగాలి. "అయినంక చూస్కుందాం సార్" అనేవాళ్ల మాట వినొద్దు. అనుమతి రాకపోతే ఆ ఆప్షన్ అక్కడితో అయిపోయినట్టే, కింద రాసిన మైలేజీ లెక్కలు ఎంత తియ్యగా ఉన్నా సరే. ఇంజన్ మారిన సంగతి చెప్పకుండా తిరిగితే మామూలు రోజుల్లో ఎవరూ ఆపకపోవచ్చు. చిట్యాల దగ్గర హైవే మీద ఎవరినైనా గుద్దిన రోజు మాత్రం ఇన్సూరెన్స్ సర్వేయర్ బానెట్ ఎత్తి నంబరు చూస్తాడు. ఆర్సీలో పెట్రోలు, లోపల డీజిల్. క్లెయిమ్ కొట్టేయడానికి అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

బాడీ వయసు కూడా కాగితంతో ముడిపడిందే. 2005లో ఏపీ 24 నంబరుతో రోడ్డెక్కిన బండికి 15 ఏళ్లు 2020లో నిండాయి, అక్కడినుంచి ఐదేళ్లకోసారి రెన్యువల్. 2025 ఆగస్టులో కేంద్రం 20 ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజును 10,000 రూపాయలకు పెంచింది, గ్రీన్ ట్యాక్స్ వేరే. అంటే ఇంజన్ మీద పెట్టే డబ్బుకి మీ చేతిలో ఉన్న గ్యారంటీ కాలం ఐదేళ్లే. ఫిట్‌నెస్‌కి తీసుకెళ్లినప్పుడు బండి స్టార్ట్ చేసిన మొదటి క్షణంలోనే అది డీజిలని పార్కింగ్‌లో టీ తాగేవాడికి కూడా తెలిసిపోతుంది, దాచడం అయ్యే పని కాదు.

కిలోమీటర్ల లెక్క

ఇది లెక్క కోసం వేసుకున్న అంచనా. మీ బండి అంకెలు పెట్టి మళ్లీ వేసుకోండి.

| ఎంపిక | మైలేజీ అంచనా | కిలోమీటరుకు ఇంధనం | ముందు పెట్టుబడి అంచనా | కాగితం చిక్కు |
|---|---|---|---|---|
| నీరసపడ్డ పెట్రోలు, అలాగే | 9.5 | 11.30 రూ. | సున్నా | లేదు |
| బాగు చేయించిన పెట్రోలు | 11.5 | 9.30 రూ. | 15 వేల నుంచి 60 వేలు | లేదు |
| సీఎన్‌జీ కిట్ | కిలోకి 16 | 6 రూ. దగ్గర | 60 వేల దాకా | తక్కువ |
| అదే మోడల్ డీజిల్ ఇంజన్ | 15.5 | 6.20 రూ. | లక్షా పాతిక వేలు | ఎక్కువ |
| వేరే కంపెనీ డీజిల్ ఇంజన్ | 16-18 | 5.30-6 రూ. | రెండు లక్షలు, ఆపైన | చాలా ఎక్కువ |
| అమ్మేసి డీజిల్ బండి కొనడం | 15-18 | 5.30-6.40 రూ. | మీద మూడు నాలుగు లక్షలు (మెరీనాకి మెరీనాయే అయితే చాలా తక్కువ) | లేదు |

ఈ టేబుల్‌లో అందరూ చివరి వరుసల వైపు చూస్తారు. నేను మొదటి రెండు వరుసలు చూడమంటాను. డీజిల్ వేయించిన వాళ్లు "కిలోమీటరుకు ఐదు రూపాయలు మిగులుతున్నాయి" అని చెప్తారు, అబద్ధం కాదు. కానీ వాళ్లు పోల్చింది నీరసపడ్డ పెట్రోలు ఇంజన్‌తో. అందులో రెండు రూపాయలు ఇంజన్ ఆరోగ్యం వల్ల వచ్చినవి, మూడు రూపాయలే డీజిల్ వల్ల. ఆ రెండు రూపాయలు పెట్రోలులోనే ఉండి కూడా సంపాదించుకోవచ్చు. కాబట్టి లక్షా పాతిక వేలు తిరిగి రావడానికి 40,000 కిలోమీటర్లు నడవాలి. నెలకు రెండుసార్లు హైదరాబాద్ వెళ్లొచ్చి, మిగతా రోజులు ఊళ్లో తిరిగి ఏడాదికి 8,000 వేసే వాళ్లకు అది ఐదేళ్లు, అంటే రెన్యువల్ గడువు అంతా అయిపోతుంది. గద్వాల నుంచి వారం వారం చీరలు వేసుకుని హైదరాబాద్, కర్నూలు తిరిగి ఏడాదికి 20,000 దాటించే వాళ్లకు రెండేళ్లు. ఒకే ఇంజన్, ఒకే ఖర్చు, ఒకరికి తెలివైన పని, ఇంకొకరికి వృథా.

ఉన్న పెట్రోలు ఇంజన్ బాగు చేయించడం

దీని మీద ఎక్కువ రాయడానికి ఏమీ లేదు, అందుకే ఎవరికీ దీని మీద మోజు లేదు. ముందు నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్, అంటే లోపల గాలిని నొక్కే బలం, చూపించండి. బాగుంటే పని చిన్నది: ప్లగ్గులు, ఆక్సిజన్ సెన్సార్, ఇంజెక్టర్ల శుభ్రం, థర్మోస్టాట్. థర్మోస్టాట్ పాడైందని పీకి పారేసి నడిపే అలవాటు మనవైపు చాలా ఉంది, ఇంజన్ వేడెక్కదని సంబరపడతారు. కానీ సరైన వేడికి రాని ఇంజన్‌కి కంప్యూటర్ ఎక్కువ పెట్రోలు పోస్తూనే ఉంటుంది. అదే సమయంలో ఇంధనం పైపులన్నీ ఇథనాల్ తట్టుకునే రకానికి మార్పించేయండి. కంప్రెషన్ పోయి, ఆయిల్ తాగుతుంటే హెడ్డు పని, రింగులు, అవసరమైతే బోరు. అప్పుడు ఖర్చు 50-60 వేలకు పోతుంది.

ఏడాదికి పదివేల కిలోమీటర్ల లోపు తిరిగేవాళ్లు ఇక్కడితో చదవడం ఆపేసినా నష్టం లేదు.

సీఎన్‌జీ, ఎల్‌పీజీ

స్టేషన్ వ్యాగన్‌కి గ్యాస్ పెడితే డిక్కీ పోతుందని అంటారు. నిజమే, సిలిండరు వెనకే కూర్చుంటుంది. సెడాన్‌లో అయితే డిక్కీ మొత్తం మాయం, వ్యాగన్‌లో ఇంకా సగం పైన మిగులుతుంది. కానీ మీరు ఈ బండి ఉంచుకున్నదే ఆ డిక్కీ కోసం కదా. నిండు సిలిండరు బరువు, దానికి తోడు మూటల బరువు, వెనక సస్పెన్షన్ కుంగిపోయి ఉంటే ముందు దాని సంగతి చూడాలి.

65వ నంబరు హైవే మీద చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ వైపే తిరిగే వాళ్లు గ్యాస్ గురించి గట్టిగా ఆలోచించాలి. అమ్రాబాద్, అచ్చంపేట, దేవరకొండ లోపలి ఊళ్లకు పోయేవాళ్లు మాత్రం తమ దారిలో బంకు ఎక్కడుందో, అక్కడ గ్యాస్ ఎన్ని గంటలకు ఉంటుందో ముందు స్వయంగా చూసుకోవాలి. లేదంటే గ్యాస్ కిట్ మోసుకుంటూ పెట్రోలు మీద నడపడమే అవుతుంది. ఎల్‌పీజీ బంకులు అంతకంటే తక్కువ. ఇంట్లో వంట సిలిండరు నుంచి ఎక్కించే పని గురించి ఎవరైనా చెప్తే ఆ షెడ్డు నుంచి బండి తీసుకుని వచ్చేయండి.

కాగితం పరంగా ఇది సుళువు. ఆమోదం పొందిన కిట్, అధీకృత సెంటర్‌లో ఫిట్టింగ్, ఆ సర్టిఫికెట్లతో ఆర్సీలో ఇంధనం మార్పించుకోవడం, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పడం. సీఎన్‌జీ సిలిండరుకి మూడేళ్లకోసారి ప్రెషర్ టెస్ట్ ఉంటుంది, అది మర్చిపోవద్దు. డబ్బు వరకే చూస్తే డీజిల్ మార్పిడి ఇచ్చే ఆదా అంతా సగం పెట్టుబడితో దీంట్లో వస్తుంది. నచ్చనిది పికప్, ఏసీ వేసి నలుగురితో ఎత్తు ఎక్కేటప్పుడు తేడా తెలుస్తుంది.

అదే మోడల్‌లో వచ్చిన డీజిల్ ఇంజన్ వేయించడం

డీజిల్ మార్పిడికి ఓటు వేయగలిగేది ఈ ఒక్క చోటే, అది కూడా దాదాపుగా ఒక్క బండికే: ఇండిగో మెరీనా. టాటా ఇదే బాడీని 2004 నుంచి పెట్రోలులోనూ డీజిల్‌లోనూ అమ్మింది. రెండు ఇంజన్లూ ఇండికా కోసం చేసిన కుటుంబంలోవే, రెండూ 1405 సీసీయే. కాబట్టి క్రాస్ మెంబరు, మౌంటింగ్లు, గేర్‌బాక్స్, యాక్సిళ్లు, రేడియేటర్, సైలెన్సర్ దాకా ప్రతి దానికీ కంపెనీ చేసిన డీజిల్ సామాను ఉంది. వెల్డింగ్‌తో, లేత్ పనితో కొత్తగా కనిపెట్టాల్సింది తక్కువ. ఆర్టీఏ ముందు కూడా "ఈ బాడీలో ఈ ఇంజన్ కంపెనీయే అమ్మింది" అనే మాట చెప్పుకోవచ్చు. అది అనుమతికి గ్యారంటీ కాదు, వాదన మాత్రమే. సియెనా వీకెండ్‌కి కూడా పాలియో 1.9 డీజిల్ దగ్గరి చుట్టమే, కానీ ఆ ఇంజన్‌కి, దాని సామానుకి ఇవాళ తిరగాల్సిన తిరుగుడు తలచుకుంటే నేను దాన్ని లెక్కలోకి తీసుకోను.

ఇంజన్ ఒక్కటే కొనొద్దు, బండి మొత్తం కొనండి. నా సలహాల్లో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోండి. హైదరాబాద్‌లోనూ విజయవాడ ఆటోనగర్‌లోనూ పాత ఇండికా, ఇండిగో డీజిళ్లు తుక్కు కింద దొరుకుతాయి. సూర్యాపేట, కోదాడ వాళ్లకు విజయవాడే దగ్గర. ఇంజన్ మాత్రం తెచ్చుకుంటే తర్వాత ఒక్కో బ్రాకెట్ కోసం, ఒక్కో పైపు కోసం ఆరుసార్లు తిరుగుతారు, ప్రతిసారీ దారి ఖర్చు, రోజు కూలి ఖర్చు. మొత్తం బండి పక్కన ఉంటే కావాల్సింది పీక్కోవచ్చు, మిగిలింది తుక్కుకి అమ్ముకోవచ్చు. ఇంకో లాభం, తీయకముందే ఇంజన్ స్టార్ట్ చేసి చూడొచ్చు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయండి. తెల్ల పొగ చాలాసేపు వస్తే, ఆయిల్ మూత తీస్తే గాలి గట్టిగా కొడితే వదిలేయండి. ఆ బండి ఆర్సీ, అమ్మిన రసీదు, యజమాని గుర్తింపు కాగితాలు చేతికి రానిదే డబ్బులివ్వొద్దు. దొంగ బండి ఇంజన్ మీ బండిలో దొరికితే "నాకు తెలియదు సార్" అనే మాట స్టేషన్‌లో పెద్దగా పనిచేయదు.

ఇప్పుడు పని. షెడ్డువాడు కొటేషన్ ఇచ్చేటప్పుడు ఇంజన్, గేర్‌బాక్స్, కూలి అని మూడు ముక్కల్లో చెప్తాడు. అసలు జాబితా ఇంకా పొడుగు.

బ్రేకు బూస్టర్‌తో (పెడల్ మీద మన కాలి బలాన్ని పెంచేది) మొదలుపెడతాను, ఎందుకంటే ప్రాణం దాంతో ముడిపడి ఉంది. పెట్రోలు ఇంజన్‌లో బూస్టర్‌కి కావాల్సిన వ్యాక్యూమ్ ఇన్‌టేక్ నుంచే వస్తుంది. ఇలాంటి పాత డీజిల్‌లో గాలిని అడ్డుకునే థ్రాటిల్ ఉండదు, కాబట్టి ఆ వ్యాక్యూమ్ రాదు, వేరే పంపు కావాలి. చాలా పాత డీజిల్ బండ్లలో అది ఆల్టర్నేటర్‌ వెనకే బిగించి ఉంటుంది. పాత పెట్రోలు ఆల్టర్నేటర్ "బాగానే ఉంది కదా" అని అదే పెట్టేస్తే బ్రేకు పెడల్ రాయిలా తయారవుతుంది.

ట్యాంకు దించి పూర్తిగా కడిగించాలి. లోపలున్న పెట్రోలు ఎలక్ట్రిక్ పంపు తీసేసి ఆ చోట డీజిల్ బండి ట్యాంకు సామాను పెట్టాలి, డీజిల్ వెనక్కి వచ్చే రిటర్న్ లైను సరిచూడాలి, నీటిని వేరుచేసే ఫిల్టరు పెట్టాలి. డీజిల్ పంపు, నాజిళ్లు తాము పంపే డీజిల్‌తోనే తడిసి అరక్కుండా ఉంటాయి, అందులో కాస్త పెట్రోలు మిగిలినా వాటికి చేటే. పెట్రోలు ట్యాంకు మూతి సన్నంగా ఉంటుంది, డీజిల్ గన్ను సరిగ్గా దూరదు, ఆ మెడ కూడా మార్చాలి. మూత మీద పెద్ద అక్షరాలతో డీజిల్ అని రాయించండి. బంకు కుర్రాడికి మీ బండి పెట్రోలుదిగానే గుర్తు.

గేర్‌బాక్స్ పెట్రోలుది ఉంచేస్తామంటారు, ఒప్పుకోవద్దు. పెట్రోలు ఇంజన్ ఆరువేల దాకా తిరుగుతుంది, పాత డీజిల్‌కి ఐదువేలకే ఊపిరి ఆగిపోతుంది. పెట్రోలు గేర్ల నిష్పత్తితో హైవే మీద 80లోనే ఇంజన్ అరుస్తూ ఉంటుంది, ఆదా కావాల్సిన డీజిల్ అక్కడే పోతుంది. ముందు స్ప్రింగులు డీజిల్‌వి వేయించాలి, ఇంజన్ బరువెక్కువ. బ్యాటరీ పెద్దది కావాలి, ఎందుకంటే కంప్రెషన్ పెట్రోలులో పదింతలైతే పాత డీజిల్‌లో ఇరవై రెండింతల దాకా ఉంటుంది, స్టార్టర్ మోటారు కష్టం ఆ మేరకు పెరుగుతుంది. గ్లో ప్లగ్గుల (చల్లటి డీజిల్ ఇంజన్ స్టార్ట్ కావడానికి వేడి ఇచ్చేవి) రిలే, మీటర్ బోర్డు డీజిల్ బండివే పెట్టుకుంటే వైరింగ్ గోల తగ్గుతుంది. ఇంజన్ బయట ఉన్నప్పుడే టైమింగ్ బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు, వెనక ఆయిల్ సీల్, క్లచ్ ప్లేటు మార్చేయండి. బిగించాక సీల్ కారితే మళ్లీ అంతా దింపాలి.

రేడియేటర్ విషయంలో మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. నల్గొండ, మిర్యాలగూడ ఎండల్లో మే నెల మధ్యాహ్నం 44 డిగ్రీలు కొత్తేమీ కాదు. అందులో ఏసీ వేసి, వెనక మూటలు వేసి, శ్రీశైలం డ్యామ్ దగ్గర్నుంచి దోమలపెంట వైపు ఘాట్ ఎక్కితే రేడియేటర్‌లో ఉన్న చిన్న లోపమంతా బయటపడుతుంది. ఈ పాత డీజిళ్లు ఒకసారి గట్టిగా వేడెక్కితే హెడ్డు వంగి గ్యాస్కెట్ పోతుంది, ఆ రిపేరుతో రెండేళ్ల ఆదా గల్లంతు. డీజిల్ బండి రేడియేటర్, ఫ్యాన్లు కొత్తవే పెట్టించండి, పాతది కడిగించి పెట్టే పొదుపు వద్దు.

టర్బో లేని రకం వద్దు, కొన్ని వేలు ఎక్కువైనా టర్బో ఉన్న ఇండిగో ఇంజన్ తీసుకోండి. పెట్రోలు మెరీనా 85 హెచ్‌పీ బండి, టర్బో లేని ఇండికా ఇంజన్ 53 దగ్గర ఆగిపోతుంది. కామన్ రైల్ (కంప్యూటరు చెప్పినట్టు డీజిల్ చిమ్మే పద్ధతి) వచ్చిన డైకార్ రకం ఇంకా బాగుంటుంది గానీ దాంతో కంప్యూటరు, సెన్సార్లు, వైరింగ్ సెట్ మొత్తం రావాలి. నాజిల్ పాడైతే కల్వకుర్తి షెడ్డులో కూర్చుని బాగుచేసే పని కాదు. లోపలి ఊళ్లలో తిరిగే వాళ్లకు పాత పద్ధతి పంపు ఉన్న టర్బోనే నా ఓటు, మోత ఎక్కువైనా సరే.

పొల్యూషన్ టెస్టు మారుతుంది. డీజిల్‌కి పొగ సాంద్రత చూస్తారు, బీఎస్-4 కంటే పాత బండ్లకు 65 యూనిట్ల హద్దు. పంపు, నాజిళ్లు సరిగ్గా ఉంటే దాటడం కష్టం కాదు.

వేరే కంపెనీ డీజిల్ ఎక్కించడం

ఆల్టురా ఉన్నవాళ్ల కల ఇది. బాలెనోలో మారుతి ఆ రోజుల్లో డీజిల్ అమ్మలేదు. కాబట్టి చూపు రెండు ఇంజన్ల మీద పడుతుంది: ఎస్టీమ్ డీజిల్‌లో వచ్చిన 1527 సీసీ ప్యూజో ఇంజన్, లేదా స్విఫ్ట్‌లో వచ్చిన 1248 సీసీ ఫియట్ మల్టీజెట్.

మొదటిది సాదాసీదా ఇంజన్, కంప్యూటరు లేదు, కానీ 57 హెచ్‌పీ. 94 హెచ్‌పీ ఉన్న 1590 సీసీ పెట్రోలు ఇంజన్ తీసి అది పెట్టడం అంటే ఆ బండిని చంపడమే, నా అభిప్రాయం ఇది. ఆల్టురాలో బాగున్నది ఆ ఇంజనే.

మల్టీజెట్ సంగతి వేరు. 75 హెచ్‌పీ, 190 ఎన్ఎం టార్క్, టైమింగ్ చైన్, సామాను మండల కేంద్రంలో కూడా దొరుకుతుంది. ఆ ఇంజన్ ఎన్ని కంపెనీల బండ్లలో వచ్చిందంటే దాన్ని ఎరగని మెకానిక్ లేడు. కానీ అది ఎలక్ట్రానిక్ యాక్సిలరేటర్, ఇమ్మొబిలైజర్ (సరైన తాళం లేనిదే స్టార్ట్ కానివ్వనిది), తాళం చెవి, మీటరు అన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే బండి నుంచి వస్తుంది. ఇరవై ఏళ్ల ఆల్టురా వైరింగ్‌లో వాటిని కుదర్చడానికి మెకానిక్ కంటే మంచి ఎలక్ట్రీషియన్ ముఖ్యం. మౌంటింగ్లు కొత్తగా తయారు చేయాలి, యాక్సిళ్లు కోసి అతికించాలి, ఇంటర్‌కూలర్‌కి చోటు వెతకాలి. వంద కిలోమీటర్ల వేగంలో విరిగే అవకాశం ఉన్న ప్రతి చోటా ఒక వెల్డింగ్ ఉంటుంది. పైగా బండి ఒక కంపెనీది, ఇంజన్ ఇంకో కంపెనీది, ఆర్సీలో సీసీ, ఇంధనం, ఇంజన్ నంబరు మూడూ మారాలి. ఇది సరదా ఉన్నవాళ్ల పని. సొంత స్థలంలో, రెండో బండి ఉండి, ఆరు నెలలు ఆగగలిగితే చేసుకోండి, ఆదా కోసం మాత్రం వద్దు. ఒపెల్ స్వింగ్ వాళ్లకు కూడా ఇదే మాట, పైగా జనరల్ మోటార్స్ 2017 చివర్లో మన దేశంలో అమ్మకాలే ఆపేసింది, బాడీ సామాను రోజురోజుకీ కరువు.

అమ్మేసి డీజిల్ బండి కొనడం

బండి మీద మోజు కంటే తిరుగుడు ముఖ్యమనుకునే వ్యాపారులకు ఇదే సరైనది. మెరీనా డీజిల్ దొరికితే మీ పెట్రోలు మెరీనా అమ్మి అదే తెచ్చుకోవచ్చు, మార్పిడి ఖర్చుకంటే తక్కువలో, కాగితం చిక్కు లేకుండా అయిపోతుంది. రెండు బండ్ల రేటు చూడకుండా షెడ్డుకి పోయేవాళ్లే ఎక్కువ, అందుకే చెప్తున్నా. ఇంకాస్త పెట్టగలిగితే ఎర్టిగా డీజిల్. 2012లో వచ్చింది, మల్టీజెట్టే, వెనక రెండు వరుసల సీట్లు మడిస్తే వ్యాగన్ కంటే ఎక్కువ పడుతుంది. మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ ఆపేసింది కాబట్టి దొరికేవన్నీ పాతవే, 2015 తర్వాతవి చూస్తే రిజిస్ట్రేషన్ గడువు కొంత మిగిలి ఉంటుంది. ట్యాక్సీగా తిరిగి తెల్ల బోర్డుకి మారినవి ఉంటాయి, సీట్ల కింద, పెడళ్ల మీద అరుగుదల చూడండి, మీటరు చూడొద్దు.

ఎవరికి ఏది

బత్తాయి తోట, ఊరు, నల్గొండ మార్కెట్, నెలకోసారి హైదరాబాద్, అంతకు మించి లేని వాళ్లు పెట్రోలు ఇంజన్ బాగు చేయించుకుని ఊరుకోండి. హైవే మీదే రోజూ తిరుగుడు, బంకు దారిలోనే ఉంది, డిక్కీ సగం చాలు అంటే సీఎన్‌జీ. ఏడాదికి ఇరవై వేలు దాటే తిరుగుడు, చేతిలో మెరీనా, బాడీకి తుప్పు లేదు, ఆర్టీఏ నుంచి అనుమతి కాగితం వచ్చింది అంటే డీజిల్ ఇంజన్ వేయించండి, బాగుంటుంది. ఈ నాలుగింటిలో ఒకటి లేకపోయినా అమ్మేసి డీజిల్ బండి కొనడం వైపు పోండి. నాన్న కొన్న బండి, అమ్మేది లేదు అనేవాళ్లు అసలు ఇంజన్ మార్చొద్దు, ఉన్న పెట్రోలు ఇంజన్నే మంచిగా చూసుకోండి, ఆ బండికి ఉన్న విలువ అందులోనే ఉంది.

మార్పిడికే తేల్చుకున్న వాళ్లకు ఇంకొక్క మాట. దింపిన పెట్రోలు ఇంజన్, దాని గేర్‌బాక్స్, కంప్యూటరు, వైరింగ్ సెట్ షెడ్డువాడికి కూలి కింద వదిలేయకండి, "గది నేనే తీస్కుంటా అన్నా, రెండు వేలు తగ్గిస్తా" అని అడుగుతాడు. ఆర్సీలో కొత్త ఇంజన్ నంబరు, కొత్త ఇంధనం ఎక్కి, ఇన్సూరెన్స్ పాలసీ మారి చేతికొచ్చే దాకా అన్నీ నూనె పట్టించి గోనె సంచిలో చుట్టి ఇంట్లోనే పెట్టుకోండి. ఆఫీసులో ఎక్కడైనా ఆగిపోతే బండిని మళ్లీ రోడ్డెక్కించడానికి మీ దగ్గర ఉన్న దారి అదొక్కటే.